అశ్వహృదయం, అక్షహృదయం



జూదంలో సర్వస్వం పోగొట్టుకొని ధర్మరాజు అడవిలో కుమిలిపోతున్నప్పుడు బృహదశ్వుడనే మహర్షి వచ్చి ఆయనకు ఒక కథ చెబుతాడు. అదే నలోపాఖ్యానం. హంస రాయబారం, దమయంతి స్వయంవరం మనందరికీ గుర్తే. కాని ఆ కథ చివరికొచ్చేసరికి ఒక చిన్న ఘట్టం ఉంది. దాన్ని ఒకసారి జ్ఞాపకం చేసుకుందాం.

జూదంలో రాజ్యం పోయిన నలుడు బాహుకుడనే పేరుతో అయోధ్యలో ఋతుపర్ణ మహారాజు దగ్గర సారథిగా చేరతాడు. ఒకనాడు రథం విదర్భకు పోతూండగా ఋతుపర్ణుడు దారిలో ఒక తాండ్రచెట్టును చూసి, దాని ఆకులెన్నో, కాయలెన్నో చూసిన చూపులో చెప్పేస్తాడు. నలుడు రథం ఆపి లెక్కపెట్టి చూస్తే సరిగ్గా అంతే ఉన్నాయి. అప్పుడు ఇద్దరూ విద్యలు మార్చుకోవాలని ఒప్పందం చేసుకుంటారు. నలుడికి తెలిసింది అశ్వహృదయం, అంటే గుర్రపు మనసెరిగిన విద్య. ఋతుపర్ణుడికి తెలిసింది అక్షహృదయం, అంటే పాచికల లోగుట్టు, లెక్కల విద్య. ఆ లెక్క నలుడి చెవిన పడగానే, అన్నాళ్ళుగా అతని ఒంట్లో దాక్కొన్న కలి విషం కక్కుకుంటూ బయటికి వచ్చేశాడట.

ఇందులో మనం గమనించవలసింది ఒకటుంది. నలుడికి గుర్రాల సంగతి ముందునుంచీ బాగా తెలుసు. అయినా రాజ్యం పోయింది. గుర్రం తెలిసినంత మాత్రాన జూదం తెలిసినట్టు కాదు. అవి రెండు వేరు వేరు విద్యలు. ఈనాడు నేను మీకు చెప్పబోయేది ఒక పందెపు గుర్రం కథ. దాని చుట్టూ ఈ రెండు విద్యలూ ఎలా తిరిగాయో, చివరికి ఎవరికి ఏం మిగిలిందో చూద్దాం.

ఆ గుర్రం పేరు ఫార్‌లాప్. 1926 అక్టోబరు 4న న్యూజీలాండ్ దేశంలో తిమారు అనే ఊరి దగ్గర పుట్టింది. 1928 జనవరిలో వేలానికి వచ్చింది. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో హ్యారీ టెల్ఫర్డ్ అనే శిక్షకుడుండేవాడు. పేరులేనివాడు, చేతిలో డబ్బు లేనివాడు. వేలం జాబితాలో ఆ పిల్ల వంశక్రమం చదివి, ఇది మంచి గుర్రం కావాలి అనుకున్నాడు. డేవిడ్ డేవిస్ అనే అమెరికన్ వ్యాపారిని ఒప్పించి, 160 గినీలకు కొనిపించాడు. వేలంలో గినీ అంటే పౌను మీద ఒక షిల్లింగు.

పిల్ల ఓడ దిగింది. డేవిస్ చూడటానికి వచ్చాడు. కాళ్ళు పొడుగు, ఒళ్ళు బక్క, మొహం నిండా పులిపిర్లు. ఆయనకు గుండె జారిపోయింది. దీని శిక్షణకు నేనొక్క కాసు ఇవ్వను పొమ్మన్నాడు. టెల్ఫర్డ్ బతిమాలి, మూడేళ్ళ కౌలుకు తీసుకున్నాడు. మన వైపు పొలం కౌలుకిచ్చినట్టే. మేపే ఖర్చు టెల్ఫర్డ్‌ది. గెలిచిన సొమ్ములో మూడింట రెండు వంతులు టెల్ఫర్డ్‌కు, ఒక వంతు డేవిస్‌కు. ఫార్‌లాప్ అన్న మాట థాయ్ భాషలో మెరుపుకు దగ్గర మాట. ఒక వైద్య విద్యార్థి చెబితే పెట్టారు.

మెరుపు వెంటనే మెరవలేదు. 1929 ఫిబ్రవరిలో మొదటి పందెంలో అన్ని గుర్రాలకంటే ఆఖరున వచ్చింది. మొదటి నాలుగు పందేలలోనూ ఏ స్థానమూ లేదు. టెల్ఫర్డ్ దాన్ని ఇసుకదిబ్బల మీద ఎక్కించి దించి, ఎక్కించి దించి సాధన చేయించాడు. ఏప్రిల్ 27న ఒక చిన్న పందెంలో తొలిసారి గెలిచింది. ఆ ఏడాది ముగిసేసరికి సిడ్నీ డెర్బీ, మెల్‌బోర్న్ డెర్బీ రెండూ దానివే అయ్యాయి. మొత్తం జీవితంలో 51 పందేలు పరిగెత్తి 37 గెలిచింది. మొహం మీద పులిపిర్లున్న పిల్ల దేశానికంతటికీ ముద్దుబిడ్డ అయ్యింది.

అవి ఎలాంటి రోజులో కూడా చెప్పాలి. 1929 చివర అమెరికాలో షేర్ల బజారు కుప్పకూలింది. ఆ దెబ్బకు ఆస్ట్రేలియాలో పనులు పోయాయి. ఉన్ని, గోధుమ ధరలు పడిపోయాయి. ఇంట్లో పొయ్యి వెలగనివాడు కూడా శనివారం వచ్చిందంటే ఫార్‌లాప్ గెలిచిందా అని అడిగేవాడు. అది గెలిస్తే తానే గెలిచినంత సంబరం. ఇంతవరకు ఏ తప్పూ లేదు. బాగా పరిగెత్తే గుర్రాన్ని చూసి ఆనందించడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. కాని ఆ సంబరం పక్కనే ఇంకొక వ్యాపారం నడుస్తోంది. ఆ లెక్క ఇప్పుడు చూద్దాం. కాగితం, పెన్సిలు అక్కరలేదు, నోటిలెక్కే.

నాలుగు సమానమైన గుర్రాలున్నాయనుకోండి. ఏది గెలిచినా గెలవొచ్చు. న్యాయంగా అయితే ఒక రూపాయి కాస్తే మూడు రూపాయలు లాభం రావాలి. బుకీ మూడివ్వడు, రెండిస్తానంటాడు. ఒక్కొక్క గుర్రం మీద నూరేసి రూపాయలు కాశారు. అతని సంచిలో 400 పడ్డాయి. గెలిచిన గుర్రం మీద కాసినవారికి వారి నూరు, లాభం 200, మొత్తం 300 ఇచ్చాడు. 100 మిగిలింది. ఏ గుర్రం గెలిచిందన్న బెంగ అతనికి లేదు. నాలుగూ ఓడిపోవు కదా. అతనికి గుర్రాలు తెలియనక్కరలేదు. లెక్క తెలిస్తే చాలు. అక్షహృదయమంటే అదే.

మరి అతని లెక్క ఎప్పుడు తప్పుతుంది? ఓటమి ఎరగని గుర్రం ఒకటి వచ్చినప్పుడు. జనమంతా దానిమీదే కాస్తారు. మిగతా గుర్రాల మీద దమ్మిడీ పడదు. గెలిచినవారికి ఇవ్వడానికి ఓడినవారి సొమ్ము ఉండదు. అందుకే బుకీ దాని ధర తగ్గిస్తాడు, ఇంకా తగ్గిస్తాడు. అప్పటికీ జనం కాస్తూనే ఉంటే, ఆ గుర్రం అతనికి శత్రువవుతుంది. చూశారా విచిత్రం. గుర్రం చేసిన నేరం బాగా పరిగెత్తడమే.

1930వ సంవత్సరం నవంబరు నెల. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ కప్పు అంటే మనకు ఊరి జాతర లాంటిది. నవంబరు మొదటి మంగళవారం దేశం పని మానేసి ఆ పందెం వింటుంది. ఆ ఏడు దానికి ముందు అక్టోబరులో జరిగే కాల్‌ఫీల్డ్ కప్పు, ఆ తర్వాత ఈ మెల్‌బోర్న్ కప్పు, రెంటికీ కలిపి జంటపందెం కాసినవారు చాలామంది. కాల్‌ఫీల్డ్‌లో అమౌనిస్ అనే గుర్రం, మెల్‌బోర్న్‌లో ఫార్‌లాప్. ఫార్‌లాప్ పేరు కాల్‌ఫీల్డ్ పందెంలోనూ ఉండడంతో అక్కడ అమౌనిస్‌కు పెద్ద ధర పలికింది. తర్వాత ఫార్‌లాప్‌ను అందులోంచి తప్పించారు. అమౌనిస్ గెలిచింది. ఇక మిగిలింది ఫార్‌లాప్ గెలవడమే. అది గెలిస్తే బుకీలు కట్టవలసిన సొమ్ము కొండంత.

నవంబరు 1, శనివారం తెల్లవారుజాము. ఫార్‌లాప్‌ను కనిపెట్టుకొని ఉండే సైసు పేరు టామీ ఉడ్‌కాక్. అప్పటికి పాతికేళ్ళవాడు. సాధన ముగించి, తానొక పోనీ ఎక్కి, ఫార్‌లాప్‌ను పక్కన నడిపించుకుంటూ వస్తున్నాడు. ఒక కారు వచ్చింది. అందులో ఉన్నవాళ్ళ వాలకం చూసి ఉడ్‌కాక్‌కు అనుమానం తగిలింది. పోనీని ఫార్‌లాప్‌కు అడ్డంగా తిప్పాడు. కారులోంచి తుపాకీ పేలింది. దెబ్బ తగల్లేదు. కాల్చినవారెవరో ఈనాటికీ తేలలేదు. ఎవరికీ శిక్ష పడలేదు.

ఆ మధ్యాహ్నమే ఫార్‌లాప్ ఒక పందెం గెలిచింది. ఆ తర్వాత దాన్ని జీలాంగ్ ఊరి దగ్గర ఒక గుర్రాల క్షేత్రంలో దాచిపెట్టి, మంగళవారం పందెం వేళకు తీసుకొచ్చారు. దాని వీపు మీద జాకీతో కలిపి 62 కిలోలకు పైగా బరువు. జాకీ జిమ్ పైక్. మూడు గుర్రాల పొడవు తేడాతో గెలిచింది. గురువారం మరో పందెం, శనివారం మరో పందెం. ఒక్క వారంలో నాలుగు పందేలు, నాలుగు గెలుపులు.

ఆ రోజు ఫార్‌లాప్ మీద పలికిన ధర 11కి 8. అంటే 11 కాస్తే లాభం 8. ఆ కప్పు చరిత్రలో అంత తక్కువ ధర పలికిన గుర్రం మరొకటి లేదు. ఈ ధరకు వరసగా పది పందేలు కాశారనుకోండి, ఒక్కొక్కదానికి 110 రూపాయలు. ఐదు గెలిచి ఐదు ఓడితే ఏమవుతుంది? గెలిచినవాటిలో 400 వస్తాయి, ఓడినవాటిలో 550 పోతాయి. పదింటికి ఆరు గెలిస్తే, 480 వచ్చి 440 పోయి, మిగిలేది 40 రూపాయలు. ప్రపంచంలోకెల్లా మేటి గుర్రాన్ని నమ్ముకొన్నవాడి బతుకే ఇలా ఉంటే, మామూలు గుర్రాల మీద కాసేవాడి సంగతి మీరే ఊహించండి.

ఇక దాన్ని ఆపడానికి తుపాకీ అక్కరలేని ఉపాయం మరొకటుంది. ఇలాంటి పందేలలో పోటీ సమంగా ఉండాలని, మేలైన గుర్రానికి ఎక్కువ బరువు వేస్తారు. 1931 మెల్‌బోర్న్ కప్పుకు ఫార్‌లాప్ మీద 68 కిలోలు వేశారు. జనం మళ్ళీ దాన్నే నమ్మి కాశారు. అది ఎనిమిదో స్థానంలో వచ్చింది. బరువు మోసింది గుర్రం. జేబు ఖాళీ అయింది నమ్మినవాడికి.

అప్పటికి కౌలు గడువు తీరింది. టెల్ఫర్డ్ సగం భాగం కొనుక్కొన్నాడు. డేవిస్ మాత్రం ఇంకా పెద్ద సొమ్ము కోసం దాన్ని సముద్రం దాటించాడు. టెల్ఫర్డ్ వెళ్ళలేదు. ఉడ్‌కాకే శిక్షకుడుగా వెంట వెళ్ళాడు. 1932 మార్చి 20న, మెక్సికోలోని తిహువానా నగరంలో అగ్వా కాలియెంతే పందెం. కొత్త దేశం, కొత్త నేల, పైగా కాలి గిట్టకు దెబ్బ. అయినా ఫార్‌లాప్ గెలిచింది, ఆ మైదానంలో అంతవరకున్న వేగాన్ని దాటి గెలిచింది.

అక్కడినుంచి అమెరికాలోని కాలిఫోర్నియాలో మెన్లో పార్క్ అనే చోట విశ్రాంతికి ఉంచారు. ఏప్రిల్ 5 తెల్లవారేసరికి గుర్రానికి జ్వరం, కడుపునొప్పి. మధ్యాహ్నానికి ఉడ్‌కాక్ పక్కనుండగానే ప్రాణం విడిచింది. వయసు ఆరేళ్ళు నిండలేదు.

ఎందుకు చచ్చిపోయింది? జూదగాళ్ళు విషం పెట్టించారని ఆస్ట్రేలియాలో ఇంటింటా అనుకున్నారు. చెట్లకు కొట్టిన పురుగుమందు గడ్డి మీద పడి ఉంటుందని కొందరన్నారు. పేగుల జబ్బని తర్వాతి కాలపు పశువైద్యులు కొందరన్నారు. 2006లో శాస్త్రజ్ఞులు దాని తోలు మీది వెంట్రుకలు కొన్నింటిని అతిసూక్ష్మమైన కిరణాలతో పరీక్షించారు. చనిపోవడానికి 30, 40 గంటల ముందు ఒంట్లోకి పెద్ద మోతాదులో పాషాణం చేరిందని చెప్పారు. ఇంగ్లీషులో ఆర్సెనిక్ అంటారే, అదే. అంతలో 2008లో టెల్ఫర్డ్ చేతిరాత పుస్తకం ఒకటి మెల్‌బోర్న్ మ్యూజియం వారి చేతికి వచ్చింది. గుర్రాలకు ఇచ్చే బలం మందుల పట్టీ అది. అందులో ఆర్సెనిక్ ఉంది, స్ట్రిక్నిన్ అనే విషమూ ఉంది. ఆ రోజుల్లో గుర్రాలకు అలాంటివి చుక్కల లెక్కన ఇవ్వడం మామూలే. కనుక విషం పెట్టింది పగవాడా, గెలవాలన్న ఆశతో మందు పోసిన సొంతవాడా అన్నది తేలలేదు. ఎవరైనా కావచ్చు. ఒకడు అది ఓడాలని కోరినవాడు, మరొకడు అది గెలవాలని కోరినవాడు. ఇద్దరి చేతిలోనూ సీసా ఉండే అవకాశం ఉంది చూడండి. సొమ్ము మధ్యకు వచ్చాక గుర్రానికి మిత్రుడెవరో, శత్రువెవరో చెప్పలేం.

చనిపోయాక దాన్ని మూడు ముక్కలుగా పంచుకొన్నారు. తోలుతో చేసిన బొమ్మ మెల్‌బోర్న్ మ్యూజియంలో ఉంది. అస్థిపంజరం పుట్టిన దేశానికి వెళ్ళి వెల్లింగ్టన్‌లో ఉంది. గుండె కాన్‌బెరాలోని జాతీయ మ్యూజియంలో ఉంది. ఆ గుండె బరువు 6.2 కిలోలు. మామూలు గుర్రపు గుండె దాదాపు అందులో సగం ఉంటుంది. గాజుపెట్టెలో ఉన్న ఆ గుండెను చూడటానికి జనం వస్తూనే ఉంటారు. అశ్వహృదయమంటే ఇదేనా? కాదు. తూకం వేసి చెప్పేది అశ్వహృదయం కాదు.

అశ్వహృదయం ఎరిగినవాడు ఆ కథలో ఒక్కడే కనిపిస్తాడు, ఆ సైసు టామీ ఉడ్‌కాక్. పందెపు కాగితాల్లో దాని పేరు ఫార్‌లాప్. అతను మాత్రం ‘బాబీ’ అని పిలిచేవాడు. అతని చేత్తో పెడితేగాని అది మేత ముట్టేది కాదని చెబుతారు. తుపాకీకి అడ్డం పడింది అతనే. చివరి గంటల్లో పక్కనున్నదీ అతనే. నలభై ఐదేళ్ళ తర్వాత, 1977లో, ఆయన తయారుచేసిన రెక్‌లెస్ అనే గుర్రం మెల్‌బోర్న్ కప్పులో రెండోది వచ్చింది. ఆ పందెం సమయంలో ముసలాయన లాయంలో గడ్డి మీద ఆ గుర్రం పక్కనే పడుకొన్న ఫోటో ఒకటి ఆ దేశంలో చాలామందికి గుర్తు. కప్పు రాలేదు. కాని ఆ ఫోటో చూసినవారెవరూ ఆయన్ను ఓడినవాడనరు.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. బళ్ళో ‘కుదురె’ అని చదివి, ఇంటికొచ్చి ‘గుర్రం’ అనే పిల్లలు మనవాళ్ళు. జూదాన్ని కన్నడంలో జూజు అంటారు, తమిళంలో సూదాట్టం అంటారు. పేరు మారినా దెబ్బ ఒకటే. మన సరిహద్దు తాలూకాల నుంచి బెంగుళూరుకు, మైసూరుకు కూలికి, ఫ్యాక్టరీ పనికి వెళ్ళేవారెందరో. జీతం చేతికందిన వారం రేసుకోర్సు దారిపట్టి, ఉత్త చేతులతో తిరిగొచ్చిన నాన్నల పిల్లలు నా బళ్ళో చదివారు. పరీక్ష ఫీజు కట్టే రోజున వాళ్ళు తల ఎత్తరు. తప్పు వాళ్ళది కాదు, అయినా ఎత్తరు. అందుకే ఈ మాటలు చెబుతున్నాను.

గుర్రప్పందెం జూదం కాదు, నైపుణ్యం అని సుప్రీంకోర్టే చెప్పింది గదా మాస్టారూ అని మీలో ఎవరైనా అడగవచ్చు. నిజమే. తమిళనాడు ప్రభుత్వం 1974లో చేసిన నిషేధ చట్టం మీద వచ్చిన కేసులో, 1996 జనవరి 12న అత్యున్నత న్యాయస్థానం ఆ మాట చెప్పింది. గుర్రం వంశం, సత్తువ, జాకీ నేర్పు, ఇవన్నీ చూసి అంచనా వేసే పని కనుక నైపుణ్యమేనంది. నేను కాదనను. నలుడికీ ఆ నైపుణ్యం ఉంది. కాని అది అశ్వహృదయం. పందెం సొమ్ము ఎలా పంచుతారో ఆ లెక్క వేరు. అంచనా మీది, లెక్క ఎదుటివాడిది. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి గుర్రప్పందేల మీద జి.ఎస్.టి. 40 శాతం అయింది. అందరికందరూ గొప్ప నిపుణులే అయినా, నిర్వాహకుల వాటా, పన్ను పోగా మిగిలినదే పంచుకోవాలి. వేసిన దానికంటే తీసేది అందరికీ కలిపి ఎప్పుడూ తక్కువే. ఒకడికి వచ్చిందంటే పదిమందికి పోయిందనే అర్థం.

ఇంకొక మాట కూడా అంటారు. అక్షహృదయం నేర్చిన నలుడు మళ్ళీ పాచికలాడి రాజ్యం గెలుచుకొన్నాడు గదా అని. గెలిచాడు, నిజమే. కాని అప్పుడు లోగుట్టు తెలిసినవాడు నలుడు, తెలియనివాడు పుష్కరుడు. రేసుకోర్సు కిటికీ దగ్గర లోగుట్టు తెలిసినవాడు అవతల కూర్చుంటాడు. మీరు నిలబడేది పుష్కరుడి స్థానంలో.

అమ్మలారా, అయ్యలారా! గుర్రాన్ని చూడవద్దని నేననను. అంత అందమైన జంతువు తల నిటారుగా ఎత్తి పరిగెత్తుతూంటే చూడటం కళ్ళకు పండుగే. ఫార్‌లాప్‌ను కన్నబిడ్డలా చూసుకొన్న జనంలో ఒక్క కాసూ కాయనివాళ్ళు ఎంతోమంది ఉన్నారు. వాళ్ళ సంబరం ఎవరూ తీసుకుపోలేదు. మీ పిల్లలకు ఆ గుర్రం కథ చెప్పండి. చెప్పినప్పుడు నాలుగు గుర్రాల లెక్క కూడా చెప్పండి. నాలుగో తరగతి చదివే పిల్లకు కూడా అర్థమయ్యే లెక్క అది. మీ ఇంట్లో ఎవరైనా ఆ దారిన పోతూంటే తిట్టకండి, కూర్చోబెట్టి ఆ 400 రూపాయలు ఎటుపోయాయో లెక్క వేయించండి. తిట్టుకు కలి వదలడు. లెక్క తెలిస్తే వదులుతాడు. నలుడికి వదిలింది అలాగే.